కాఫీ హోటలులో వీణ



బెజవాడనుండి మైలవరము పోవు బాటలో, కొండపల్లి దాటిన పిమ్మట జి. కొండూరు వచ్చును. వేకువను అక్కడ బస్సు దిగి కాఫీ హోటలులో అడుగుపెట్టినవానికి ముందుగా చెవిని పడునది పాత్రల చప్పుడు. దానితోపాటు గోడకు తగిలించిన పెట్టెలోనుండి వచ్చు పాట. ఆ పాటను ఎవరు పాడిరో వినువారికి పట్టదు. వినువారెవరో పాడినవారికి తెలియదు. కాఫీ త్రాగుట ముగిసిన తోడనే మనము లేచి పోవుదుము. పాట తన పాటికి తాను మ్రోగుచునే యుండును. ఒక్క సాయంకాలము ఆ పెట్టె నోరు కట్టి, అదే గదిలో ఒక మనిషిని కూర్చుండబెట్టి, మైకును లౌడుస్పీకరును లేకుండ వీణ వాయింపజేసి వినుట సాధ్యమా యనునది నేటి విషయము. సాధ్యమే యనియు, చిన్న ఊళ్లలో వీణకు అంతకంటె తగిన చోటు దొరకుట కష్టమనియు నా అభిప్రాయము.

వీణ మనకు దూరపు వస్తువు కాదు. మైలవరము మీదుగా తూర్పునకు పోయినచో నూజివీడు. నూజివీడనగానే చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి నోటికి వచ్చును గాని, ఆ ఊరు వీణలు చేయు ఊరును గూడ. మన తోటల పండ్లు లారీలకెక్కి దేశదేశములకు పోవుచున్నవి. వానిని మనమును తినుచున్నాము. నూజివీటి వీణయు దేశదేశములకు పోవుచున్నది. దానిని మాత్రము మనము వినుట లేదు. ఈ ప్రసంగము చదువుచున్న పెద్దలలో, వీణను ఆఱు అడుగుల దూరమున కూర్చుండి, నడుమ ఏ యంత్రమును లేకుండ విన్నవా రెందఱు? నేను నలుగురైదుగురిని అడిగితిని. రేడియోలో వింటిమని యొకరు, సినిమాలో వింటిమని యొకరు, పెండ్లిపందిరిలో వింటిమని యొకరు చెప్పిరి. చేతికందు దూరమున విన్నవారు కనబడలేదు.

"వీణ యెక్కడ, ఇడ్లీ పాత్ర యెక్కడ!" అని నవ్వు పెద్దలు కొందఱుందురు. వారి నవ్వు ఊరకే పుట్టినది కాదు. సరస్వతీదేవి చేతిలోని వాద్యమును ఎంగిలి గ్లాసుల నడుమ పెట్టుట యేమని వారి బాధ. ఆ బాధకు సమాధానము చెప్పుటకు కొంత దూరము పోయి రావలసియున్నది.

జర్మనీదేశమున లైప్‌జిగ్ అను నగరమున జిమ్మర్‌మాన్ అను నతడొక కాఫీ శాల నడిపెడివాడు. ఐరోపా సంగీతమునకు తలమానికమని యెన్నదగిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1729లో అక్కడి విద్యార్థుల సంగీత సమాజమునకు నాయకుడై, చలికాలమున వారమువారము శుక్రవారపు రాత్రి ఆ కాఫీ శాలలోను, వేసవిలో ఆ యజమానిదేయైన తోటలోను కచ్చేరీలు జరిపించెను. లోపలికి పోవుటకు రుసుము లేదు. వచ్చినవారు త్రాగిన కాఫీయే యజమానికి రాబడి. ఆదివారము దేవాలయములో భగవత్కీర్తనలు పాడించిన యా మహనీయుడే శుక్రవారము కాఫీ గిన్నెల నడుమ వాయించుటకు సంకోచింపలేదు. పైగా 1734 ప్రాంతమున కాఫీమీదనే ఒక హాస్యపు గేయము కూర్చెను. అందొక తండ్రి కూతురి కాఫీ మాన్పింపజూచును. మానకున్నచో పెండ్లి చేయనని బెదరించును. కూతురు సరేయని తల యూపి, కాఫీకి అడ్డు చెప్పని వరునికే మాట యిచ్చెదనని చాటున చాటించును. మన యిండ్లలో కాఫీ క్రొత్తగా వచ్చిన కాలమున తాతలు చేసిన రభస యెఱిగినవారికి ఈ కథలో క్రొత్త యేమియు కనబడదు. ఆ కాఫీ శాల యున్న యిల్లు 1943లో యుద్ధపు బాంబులకు నేలమట్టమైనది. అక్కడ వాయించిన సంగీతము మాత్రము నేటికిని వినబడుచున్నది.

లైప్‌జిగ్ పెద్ద నగరము కదా యందురేమో. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున సారటోగా స్ప్రింగ్స్ అను చిన్న పట్టణము కలదు. 1960లో లీనా స్పెన్సరు అను నామె భర్తతో కూడి అక్కడ మేడమీద ఒక కాఫీ శాల తెఱచెను. గిటారు చేతబట్టుకొని జానపద గీతములు పాడువారు ఊరూర తిరుగుచు వచ్చి అక్కడ పాడెడివారు. 1961లో బాబ్ డిలన్ అను కుఱ్ఱవాడు, అప్పటికి పేరెఱుగనివాడు, అక్కడ పాడెను. ఆ కుఱ్ఱవానికే 2016లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము వచ్చినది. 1989లో లీనా గతించిన పిమ్మట ఆ ఊరివారును అభిమానులును కలిసి, లాభాపేక్ష లేని సంస్థగా దానిని నిలుపుకొనిరి. అది నేటికిని నడచుచున్నది. ఒక చిన్న ఊరు తన కాఫీ హోటలును గ్రంథాలయమును కాపాడుకొన్నట్లు కాపాడుకొనుట విశేషము.

ఇక మన వైపు చూతము. మైకు రాకముందు కృష్ణాతీరమున సంగీతము లేకపోలేదు. నాటకములుండెను. మైలవరము జమీందారు నిలిపిన బాలభారతీ నాటక సమాజమున యడవల్లి సూర్యనారాయణ గారివంటి నటులు హార్మోనియము శ్రుతిమీద పద్య మెత్తుకొన్నచో వెనుక వరుసవానికిని అక్షరాక్షరము వినబడెడిది. ఆ గొంతుల బలము వేఱు. అవి వేలమందికై సాధన చేసిన గొంతులు. హరికథ, బుఱ్ఱకథ, మేళము, ఇవన్నియు ఆరుబయట జనసమూహమునకు పుట్టినవి. వీణ సంగతి యట్లు కాదు. అది గదిలో పుట్టిన వాద్యము. చెన్నపట్టణమున వీణ ధనమ్మాళ్ అను విద్వాంసురాలు 1938లో గతించువఱకు తన యింటిలోనే శుక్రవారపు సాయంకాలములందు వాయించెడిది. చిన్న గది, కొలదిమంది శ్రోతలు, చప్పుడు చేసిన నామె సహించెడిది కాదు. మహామహులైన గాయకులు చాపమీద కూర్చుండి వినిపోయెడివారు. ఆ గదిలో ఆమె వాయించి పాడినవానిలో క్షేత్రయ్య పదములు ప్రసిద్ధములు. క్షేత్రయ్యది మన కృష్ణాజిల్లాలోని మొవ్వ. మన మొవ్వ పదము, మన భాషలో కట్టినది, చెన్నపట్టణపు చిన్న గదిలో ఊపిరి నిలుపుకొన్నదన్నమాట.

ఐతే అట్టి గదులలోనికి ఎవరు పోగలిగిరి? దివాణములో కచ్చేరీ జరుగునప్పుడు జమీందారు మామిడితోటలో పాదులు తీసినవానికి లోపల చోటుండెడిదా? దేవాలయ మండపమున నందఱును అడుగిడుటకు మద్రాసు రాజధానిలో 1947లో శాసనము రావలసివచ్చినది. కాఫీ హోటళ్లును పుట్టుకతో పుణ్యస్థలములు కావు. ఒక కులమువారికి వేఱు గది, మఱియొకరికి వాకిటనే వేఱు గ్లాసు అను కాలము గడచినది. 1955లో అస్పృశ్యతను శిక్షార్హము చేసిన చట్టము వచ్చిన పిమ్మట గూడ కొన్నిచోట్ల ఆ రెండు గ్లాసుల ఆచారము చావలేదని మనకందఱకు తెలియును. అయినను నేడు ఒక కాఫీ వెలతో ఎవడైనను వచ్చి, ఎవని ప్రక్కనైనను కూర్చుండ హక్కుగల గది ఊరిలో ఏదియన్నచో అది కాఫీ హోటలే. వీణను ఎంగిలి గ్లాసుల నడుమ పెట్టుదురా యనినవారికి నా సమాధానమిదియే: గ్లాసు కడిగినచో ఎంగిలి పోవును. ఇన్నాళ్లు వీణ వినుటకు వాకిలి దాటలేకపోయినవాని తాతతండ్రుల బాకీ ఏ నీటితో కడిగెదము?

ఇప్పుడు వీణను దగ్గఱనుండి చూతము. నూజివీటి వీణకు పనస కఱ్ఱ ముఖ్యము. పనస తేలికయు గట్టియు నైన కఱ్ఱ. బాగుగ ఆఱినచో వంగదు, పురుగు సులభముగ పట్టదు. అదియును గాక దానిని తట్టినచో పలుకును. కుండయు దండియు యాళిముఖమును ఒకే మ్రానులోనుండి తొలిచిన వీణను ఏకాండి యందురు. విజయనగరము వైపు బొబ్బిలి వీణలకు ఈ విధానమువలన పేరు వచ్చినది. కుండను లోపల తొలుచుటయే పనిలో పెద్ద పరీక్ష. గోడ మందమైనచో కంఠము పూడును. పలుచనైనచో డొల్ల మ్రోత వచ్చును. ఎంత తీయవలెనో కొలబద్ద చెప్పదు, వ్రేలితో తట్టి విని నిర్ణయింతురు. నూజివీటిలో ఈ విద్యను తండ్రినుండి కొడుకు నేర్చి నిలిపినవారిలో ముస్లిము కుటుంబమును గలదు. వీణ ఎవరి దేవత చేతిలోనిది, ఎవరి చేతిలో పుట్టుచున్నది అని తర్కించువారు ఈ సంగతి గమనింతురుగాక.

దండిమీద ఇరువదినాలుగు మెట్లుండును. తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలమున, అనగా 17వ శతాబ్ది తొలి భాగమున, ఇట్లు మెట్లను స్థిరముగ నిలుపు పద్ధతి యేర్పడెనని సంగీతజ్ఞుల మాట. ఆ రాజు తెలుగు కవి. మెట్లను మైనపు దిమ్మెమీద నిలుపుదురు. దీనికే మేళము కట్టుటయని పేరు. తంత్రులు ఏడు. వానిలో నాలుగు మెట్లమీదుగా పోవును; మూడు ప్రక్కనుండి తాళమునకు తోడ్పడును. నాలుగు తంత్రులును కుండమీది గుఱ్ఱమునెక్కి దిగును. గుఱ్ఱమనగా తంత్రుల నెత్తి పట్టు చిన్న కఱ్ఱ పీట. దానిపై కొలదిగ వంపు తిరిగిన లోహపు రేకుండును. వీణ గొంతు వీణదియే యగుటకు ఈ రేకు వంపు ముఖ్యకారణము. తంత్రి దానిని కత్తి అంచువలె ఒక్క చోట తాకి విడువక, వంపువెంట అంటుచు విడచుచు కదలును. తంత్రిని సరిగా నడుమ మీటినచో కొన్ని అనుస్వరములు పుట్టరాదని పాశ్చాత్య శాస్త్రము చెప్పుచుండెను. వీణలోను తంబురలోను అవి పుట్టుచున్నవని, దానికి ఈ గుఱ్ఱమే కారణమని చంద్రశేఖర వేంకట రామన్ గారు 1921లో ప్రకటించిరి. నోబెల్ బహుమానము వచ్చుటకు తొమ్మిదేండ్లు ముందటి మాట. బాల్యమున విశాఖపట్టణమున చదివిన ఆయన వెలుగును పరీక్షించినట్లే వీణను గూడ చెవియొగ్గి పరీక్షించిరి.

వీణలో ఒక్క మీటుకు ఒక్క స్వరము కాదు. కుడిచేతి వ్రేలు తంత్రిని ఒకసారి మీటును. ఆ నాదము సన్నగిల్లుచుండగానే ఎడమచేతి వ్రేళ్లు తంత్రిని మెట్టుమీద ప్రక్కకు లాగి, రెండు, మూడు, నాలుగు స్వరముల నా సన్నగిల్లు నాదములోనుండియే తీయును. గమకమనునది అదియే. మీటు గట్టిది, లాగు సన్ననిది. మీటు పలుకైనచో లాగు భావము. దూరమునుండి వినువానికి, లేదా చప్పుడులో వినువానికి, మీటు వినబడును, లాగు వినబడదు. అట్టివాడు వీణను విని "టింగుటింగుమని మ్రోగినది, ఏమున్నది?" అనును. వాని తప్పేమియు లేదు. వానికి చేరినది సగము వీణ.

ఒక పెండ్లిలో నేనీ సంగతి స్వయముగ చూచితిని. ఊరు పేరు చెప్పను. గొప్ప పందిరి, తాటిచెట్టంత యెత్తున గొట్టపు లౌడుస్పీకర్లు. వీణ వాయించుటకు ఒక ముసలామెను పిలిపించిరి. మైకువాడు మైకును తెచ్చి కుండకు ఆనించి పెట్టినాడు. గొట్టములోనుండి వచ్చినది రేకు డబ్బాలో గులకఱాళ్ల ధ్వని. పది నిమిషములకు అతడే వచ్చి, అమ్మా, కొంచెము గట్టిగా వాయింపుడనెను. ఆమె గట్టిగా మీటెను. గట్టిగా లాగుట యెట్లో ఆమెకును తెలియదు, ఏ విద్వాంసునికిని తెలియదు. వాయించుచు వాయించుచు ఆమె గమకములు మానివేసి, స్వరములను విడివిడిగా మీటసాగెను. అది నాకు కష్టము కలిగించినది. కాని భోజనాల తొందరలో నున్న పెండ్లివారు దానిని గుర్తింపలేదు; వీణ పెట్టించితిమను తృప్తి వారికి మిగిలినది.

యంత్రమంతయు చెడ్డదని నా భావము కాదు. నా మాట మీకు చేరుటయే యంత్రముచేత. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము తెఱచిననాటినుండి మంచి సంగీతము మన పల్లెల అఱుగులమీదికి వచ్చినది. ఈమని శంకరశాస్త్రిగారి గమకములను, చిట్టిబాబుగారు వీణపై పలికించిన కోకిల కూతను, ఇన్ని లక్షలమంది వినగలిగిరనిన అది రేడియో, గ్రామఫోను చేసిన మేలు. కాని ఆ మైకు నిశ్శబ్దమైన గదిలో, తెలిసినవాని చేతిలో, వీణకు జానెడు దూరమున నిలిచినది. పందిరి మైకు పని వేఱు. పదిమంది గోలను మించి వినిపించుట దాని పని. గోలనే తీసివేసినచో దాని యవసరమే లేదు. కాఫీ హోటలు గదిలో చేయదలచినది ఇంతమాత్రమే.

దూరము పెరిగినకొలది ధ్వని తగ్గు లెక్క దీపపు లెక్కయే. ఆరుబయట రెండడుగులనుండి నాలుగడుగులకు పోయినచో ధ్వనిబలము సగము కాదు, నాల్గవ వంతగును. ఎనిమిది అడుగులకు పదునాఱవ వంతు. పందిరిలో ఏబది అడుగుల వెనుకవానికి ఏమి మిగులునో మీరే లెక్క కట్టుడు. గదిలో నట్లు కాదు. గోడలును కప్పును ధ్వనిని పోనీయక మరలించి యిచ్చును. ఐతే అతిగా మరలించినను చేటే. ముందు స్వరపు ప్రతిధ్వని వెనుక స్వరముమీద పడి రెండును కలగిపోవును. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున వాలెస్ సాబిన్ అను నాచార్యునకు 1895లో ఒక ఉపన్యాసశాలను బాగుచేయు పని యప్పగించిరి. అక్కడ మాట్లాడిన మాట అయిదు సెకండ్లకు పైగా మ్రోగుచుండెడిదట. ఆయన రాత్రివేళ, ఊరు నిద్రించిన పిమ్మట, వేఱొక శాలలోని కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి పఱపించి, ఒక్కొక్క మెత్తకు మ్రోత యెంత తగ్గునో గడియారము చేతబట్టి కొలిచెను. మెత్తలవలెనే మనుష్యులును ధ్వనిని పీల్చుకొందురని తేల్చెను. ఆయన సలహాతో కట్టిన బోస్టను సంగీతశాల 1900లో తెఱచిరి. లోకములో మేలైన శాలలలో నొకటిగా నేటికిని పేరున్నది.

మనకు బోస్టను శాల యక్కఱ లేదు. ఇరువది అడుగుల వెడల్పు, ముప్పది అడుగుల పొడవుగల హోటలు గది చాలును. సిమెంటు కప్పు వేసిన గది వట్టిదైనప్పుడు చప్పట్లు కొట్టి చూచినచో ఖంగుమనును. నలుబదిమంది పంచెలతోను చీరలతోను వచ్చి కూర్చుండినప్పుడు ఆ ఖంగు చాలవఱకు అణగును. ఇంకను మిగిలినచో వెనుక గోడకు రెండు జంపఖానాలు వ్రేలాడదీయుడు. పెంకుటింటి హోటలు ఇంకను మేలు. రేకుల కప్పు మాత్రము వలదు. చినుకు పడినచో కచ్చేరీ ముగిసినట్లే. వాయించువారు గది మూలలో కూర్చుండరాదు. పొడవు గోడకు నడుమ, గోడకు రెండు మూడడుగులు ఇవతల, చెక్క బల్లమీద కూర్చుండవలెను. చెక్క వీణతోపాటు తానును కొంత పలుకును. శ్రోతలు అర్ధచంద్రాకారముగ చుట్టి కూర్చుండినచో ఎవ్వరును పదునైదడుగులకు మించి దూరమున నుండరు.

ఎక్కువ కష్టము గది కాదు, గదిలోని చప్పుడు. ఫ్యానులు తిరుగుచున్నంతసేపు లాగు వినబడదు. కావున ఫ్యాను లేక కూర్చుండగల కాలమునే యేర్పఱచుకొనవలెను. మార్గశిర పుష్య మాసములు మనకు తగినవి. మామిడి పూతకు వచ్చు దినములు, సాయంకాలము చల్లగ నుండును, తోటవారికి తీరిక కొంత కలదు. చైత్రమునుండి జ్యేష్ఠమువఱకు తలపెట్టవలదు. కాయ కోతలు, మండీలు, రాత్రింబగళ్లు లారీలు. వీణ పెట్టినను వినువాడుండడు. పెద్ద బాటమీది హోటలుకంటె లోపలి వీథిలోనిది మేలు. షట్టరు సగము దింపవలెను. శీతలపు పెట్టె యున్నచో గంటసేపు ఆపివేయవలెను. దాని గుఱ్ఱుమను శబ్దము మనకలవాటై వినబడదు గాని, అది ఆగిన క్షణమున గది యెంత నిశ్శబ్దమైనదో చూచి ఆశ్చర్యపడుదురు.

కాఫీ మాటయేమి? వాయించుచున్నంతసేపు పంపిణీ వలదు. ముందొకసారి, నడుమ విరామమున నొకసారి. కాగితపు గ్లాసులో నిచ్చినచో చప్పుడుండదని యొకరు నాతో ననిరి. చప్పుడుండదు, కాఫీయును ఉండదు. స్టీలు గ్లాసులోనే యిచ్చి, విరామము ముగిసినపిమ్మట అన్నియు లోపలికి తీసికొనిపోయి, కడుగుట కచ్చేరీ యైనతరువాత పెట్టుకొనుట నా మతము. వంటింటిలోని కుఱ్ఱవారిని గూడ బయటికి పిలిచి కూర్చుండబెట్టవలెను. దినమంతయు గ్లాసులు కడిగిన చేతులవారికి ఆ గంట విశ్రాంతి, సంగీతము రెండును దక్కును.

సాయంకాలపు హోటలులో మన స్త్రీలు కనబడుట తక్కువ. ఈ యేర్పాటు సగము ఊరికే యగుట న్యాయము కాదు. ముందు వరుసలో ఒక ప్రక్క వారికని చాప పఱచి, ఎనిమిది గంటలకు ముగియునట్లు మొదలుపెట్టినచో వత్తురు. వారే ఎక్కువగ వత్తురని నా యనుమానము. మన మధ్యతరగతి యిండ్లలో వీణ నేర్చి పెండ్లియైన తరువాత గవిసెన తొడిగి బీరువామీద పెట్టినవారు ఎందఱో కలరు.

వాయించువారిని దూరమునుండి పిలువనక్కఱ లేదు. బెజవాడలో ఘంటసాలవారి పేర ప్రభుత్వ సంగీత కళాశాల కలదు. అక్కడ వీణ నేర్చు యువకులకు పెద్ద సభలలో అవకాశము వచ్చుటకు ఏండ్లు పట్టును. వారిని పిలువుడు. బస్సు ఖర్చు, భోజనము, ఒక నిశ్చితమైన సంభావన ముందే మాట్లాడుకొనవలెను. పళ్లెము త్రిప్పి పడినంత యిచ్చుట వలదు, అది విద్యను బిచ్చము చేయును. పదిమంది పెద్దలు తలకొక చిన్న మొత్తము వేసికొన్నచో సరిపోవును. హోటలు యజమానికి ఆ గంట బేరము పోవును గనుక, లైప్‌జిగ్ పద్ధతిన వచ్చినవారందఱు ఒక్క కాఫీయైనను కొనుట మర్యాద. మృదంగము గదిలో వీణను మింగును. తోడు కావలెనన్నచో ఘటమో కంజీరయో, అదియును మెత్తని చేతివారిది. నాదస్వరమును డోలును మాత్రము గుడి వాకిటనే యుండనిండు. వానికి ఆకాశము కావలెను. వీణ దొరకని నెలలో వెలగలేరునుండియో కుంటముక్కలనుండియో తంబుర మీటుచు తత్త్వములు పాడు ముసలివానిని పిలిచి కూర్చుండబెట్టుడు. మైకు లేని గొంతు అదియును.

ప్రారంభమున శ్రుతి చేసికొనుట చూచి విసుగుపడవలదు. పిల్లలను ఆ సమయముననే ముందుకు పిలువుడు. ఒక్కొక్క తంత్రి తడబడుచు వచ్చి తన చోట నిలుచుట వారు కన్నులార చూచినచో, తరువాత గంటసేపు అల్లరి తక్కువగ నుండును. గట్టిగా వాయింపుడని ఎవ్వరును అడుగరాదు. వినబడకున్న ముందుకు జరుగవలెను. మొదటి పది నిమిషములు, లౌడుస్పీకరుకు అలవాటుపడిన మన చెవులకు, వీణ చాల చిన్నగ తోచును. ఆ తరువాత చెవి సర్దుకొనును.

ఒక్క జాగ్రత్త చెప్పి విరమించెదను. మెట్లు మైనముమీద నిలిచినవని చెప్పితిని గదా. వాయించువారు ముందుగ వచ్చి, వీణను ఎక్కడ పెట్టుదుమని అడిగినప్పుడు, వెచ్చగ నుండునని వంటింటి ప్రక్క గదిని చూపవలదు. పాల పొయ్యి సెగకు మైనము మెత్తబడినచో మెట్టు వెంట్రుకవాసి క్రుంగును. ఆ వెంట్రుకవాసిని తిరిగి సరిచేయుటకు నూజివీడు పంపవలసి వచ్చును. గల్లాపెట్టె వెనుక, గాలి వచ్చుచోట, చాపమీద పరుండబెట్టి, పిల్లవాని నొకనిని కాపుంచుడు.